కోడి కూయని రికార్డు

హోసియా పిక్కెట్ గురించి చెప్పాలంటే ముందుగా చెప్పవలసింది ఒక్కటే. ఆయన చేతిలోంచి కర్ర జారిపోయేది.

వంటవాడికి రుచి తెలియకపోయినా ఎలాగో నెట్టుకొస్తాడు, పక్కవాడిచేత ఉప్పు చూపించుకుంటాడు. డ్రమ్ములు వాయించేవాడి చేతిలో కర్ర నిలవకపోతే ఆ బ్యాండు గతేమిటి? షికాగో సౌత్ సైడులో ఈ ప్రశ్న అందరికంటే ఎక్కువసార్లు వేసుకున్నవాడు థాడియస్ మబ్రీ. ఎందుకంటే ఆ బ్యాండు ఆయనది. పియానో ముందు కూర్చునేవాణ్ని ఆ పేటలో ప్రొఫెసర్ అనడం రివాజు కనుక మబ్రీని కూడా అలాగే పిలిచేవారు. ఆయన చదువు ఏడో తరగతి దగ్గరే ఆగిపోయింది.

కర్ర జారడం ఒక ఎత్తు, జారాక హోసియా చేసేది ఇంకో ఎత్తు. వంగి తీసుకోడు. పొరపాటయిందనడు. గోతిలోకి శవపేటికను దించుతుంటే చూసే దగ్గరి బంధువులా నేల మీది కర్రకేసి కాసేపు చూసి, "అయిపోయింది. నా పని అయిపోయింది" అంటాడు. ఆ గొంతు వింటే ఆయన ఒక్కడి పనే కాదు, గదిలో ఉన్న పద్నాలుగు మంది పనీ అయిపోయినట్టే ఉండేది.

మనిషి కూడా దానికి తగ్గట్టే ఉండేవాడు. ఆరడుగుల పొడవు, ఏడాది పొడుగునా నల్ల సూటు, చర్చిలో చందాపళ్లెం పట్టుకు తిరిగే పెద్దమనిషి మొహం. ఎవరైనా శుభోదయం అంటే, "చూద్దాం, ఇంకా మధ్యాహ్నం కాలేదుగా" అనేవాడు. మిసిసిపీలో సర్కస్ డేరాలో గడకర్ర మీద నడిచేవాళ్లకి డ్రమ్ము కొడుతూ వృత్తి మొదలుపెట్టాడు. సర్కసు మూతపడింది. నదిలో తిరిగే నాట్యాల స్టీమరు ఎక్కాడు. స్టీమరు ఇసకమేటకి తగులుకుంది. పంతొమ్మిది వందల ఇరవై తొమ్మిది అక్టోబరులో మబ్రీ బ్యాండులో చేరాడు. అదే నెల న్యూయార్కులో షేర్లు కుప్పకూలి దేశమంతా రోడ్డున పడింది. ఈ మూడోదానికి కూడా బ్యాండులో కొందరు హోసియానే కారణం అనేవారు. హోసియా కాదనేవాడు కాదు.

అయినా మబ్రీ ఆయన్ని వదులుకోలేదు. నాట్యశాలలో ఆ చేతుల్ని చూస్తే ఎవడూ వదులుకోడు. కర్రని కప్పుదాకా ఎగరేసి, వీపు వెనక పట్టుకుని, దెబ్బ తప్పకుండా వేసేవాడు. ఒకసారి పాట నడుస్తుండగా ఎడంచేత్తో వేయించిన చేపముక్క తింటూ కుడిచేత్తో రెండు చేతుల పనీ చేశాడు. ఎదురుగా ఎనిమిది వందల జతలు అడుగు తడబడకుండా ఆడాయి. ఎనిమిదేళ్లలో ఆ వేదిక మీద ఆయన చేతిలోంచి కర్ర ఒక్కసారి జారలేదు.

జారేదల్లా రికార్డింగు గదిలోనే. అక్కడే మబ్రీ గుండె జారేది.

ఆ గదిలో సంగీతం మైనపు పళ్లెం మీద సూదితో గీసుకుపోతుంది. మూడు నిమిషాల పాటలో రెండు నిమిషాల యాభై సెకన్లు దేవదూతల్లా వాయించి, చివరి పది సెకన్లలో తుమ్మినా పళ్లెం దండగే. ఇంకో పళ్లెం తెచ్చి, సరిచూసి, ఎర్రదీపం వెలిగేసరికి పది నిమిషాలు. హోసియా కర్ర ఎప్పుడూ ఆ చివరి పది సెకన్లలోనే పడేది. ముందే పడితే అంత శ్రమయినా తప్పేదని సాక్సఫోన్లవాళ్లు ఏడ్చేవారు.

నాలుగేళ్లలో ఎనిమిది రికార్డులు తీశారు. మొదటి రికార్డప్పుడు కర్ర గదంతా దొర్లుకుంటూ వెళ్లి కంపెనీ మనిషి బూటు దగ్గర ఆగింది. రెండోదానికి ఎగిరి బాస్ వాయించేవాడి కోటు జేబులో పడింది. వాడు ఇంటికెళ్లాక చూసుకున్నాడు. మూడోదానికి సాక్సఫోను మనిషి బట్టతల మీద పడింది. ఆ దెబ్బ తాళానికి సరిగ్గా సరిపోయింది కానీ అతని మూలుగు శ్రుతిలో లేదు. కర్ర ఎక్కడ పడ్డా, మొదటి పళ్లెం పాడయ్యేది, రెండోది బాగుండేది. ఈమధ్య రెండోదీ పాడై మూడోది బాగుంటోంది. ఈ లెక్కన ముందు ముందు ఏమవుతుందో ఆలోచిస్తే మబ్రీకి అన్నం సహించేది కాదు. కోటు జేబులో సోడా ఉప్పు పొట్లంతో తిరిగేవాడు.

వైద్యాలు చేయించకపోలేదు. ఫిడేలు కమానుకి రాసే గుగ్గిలం హోసియా అరచేతులకి పట్టించాడు. ఆ రోజు కర్ర చేతిని వదల్లేదు, కర్రతో పాటు డ్రమ్మే పీటమీంచి కిందికొచ్చింది. చర్చిలో తల్లులని పిలిచే ముసలమ్మలచేత ప్రార్థన చేయించిన నూనె తెప్పించాడు. నూనె రాసిన చేతిలో కర్ర నిలవదని ఆ తల్లులకి తట్టలేదు, మబ్రీకీ తట్టలేదు. ఆ తడవ రెండు కర్రలూ పడ్డాయి.

హోసియాని అందరికంటే ఎక్కువగా తిట్టేది పాప్స్ గిడియన్. పాప్స్ ట్రంపెట్ వాయించేవాడు. న్యూ ఆర్లియన్స్‌లో శవయాత్రల ముందు వాయించిన కాలంనుంచి అదే ట్రంపెట్. వయసు యాభై అనేవాడు, యాభై అని పదేళ్లనుంచి అంటున్నాడు. పాట చివర అందరినీ తొక్కుకుంటూ పైకి లేచే పెద్ద స్వరం ఆయనది. సరిగ్గా ఆ స్వరం ఊదబోయే ముందే టక్కున కర్ర పడేది. ఎవడికైనా మండదా మరి.

"నా ఊపిరంతా మట్టిపాలు చేస్తున్నాడు ప్రొఫెసరూ," అనేవాడు పాప్స్. "వీడి పాపిష్టి చేతుల మూలంగా నా పెద్ద స్వరం ఎన్ని పళ్లాల్లో పుట్టకముందే చచ్చిపోయిందో. ఒక నియమం పెట్టు. ఒకే రోజు మూడు పళ్లాలు పాడు చేసినవాడు బ్యాండులోంచి పోవాలి. ఎవడైనా సరే."

మబ్రీ ఆ నియమం కాగితం మీద రాసి తన పియానో మూత లోపల అంటించాడు. హోసియా వంగి రెండుసార్లు చదివి, స్పెల్లింగు తప్పు ఒకటి చూపించి, "మంచి నియమం. ఈ దెబ్బతో నా పని అయిపోతుంది" అన్నాడు.

ముప్పై ఎనిమిది ఫిబ్రవరిలో అసలు గండం వచ్చింది. కంపెనీ మనిషి వాల్డ్రిప్ అనేవాడు మబ్రీకి కబురుపెట్టాడు. ఒక పాట తీస్తాం, పళ్లాలు మూడే ఇస్తాం, మూడింట్లో ఒకటి బాగుంటే ఏడాదికి కొత్త ఒప్పందం, లేకపోతే నీ దారి నీది మా దారి మాది. వాల్డ్రిప్‌కి ఒక చెవి ఉంది, అది పాము చెవి. కర్ర పడితే అతనికి కోపం వచ్చేది, అంతే. ఎవరి స్వరమైనా పగిలిందంటే మాత్రం అనుమానం వచ్చేది. కిందటి నెలే ఇంకో బ్యాండులో ఒక ముసలి ట్రంపెట్ మనిషి స్వరం చీలితే, "ఈయన లేకుండా అయితే వచ్చేవారం రండి" అన్నాడు. ఆ ముసలాయన ఇప్పుడు హోటల్లో బూట్లు తుడుస్తున్నాడు.

పాట పేరు 'నలభై ఏడో వీధి కోడిపుంజు'. మబ్రీ కట్టిన బాణీయే. పాటంతా కోడిపుంజు వీధి వెంట టెక్కుగా నడుస్తుంది, సాక్సఫోన్లు పెట్టల్లా వెంటపడతాయి. చివర అంతా ఆగిపోయి, పాప్స్ ట్రంపెట్ ఒక్కటే పైకి లేచి కొక్కొరొకో అంటుంది. ఆ కూత లేకపోతే పాటే లేదు. మబ్రీ భార్య కోరా ముందు రోజు భోజనాల దగ్గర, "పోనీ ఒక్క రోజుకి వేరే డ్రమ్మర్ని తీసుకెళ్లకూడదూ" అంది. మబ్రీ అప్పటికే ఇండియానా అవెన్యూలో ఒక కుర్ర డ్రమ్మర్‌తో మాట్లాడి పెట్టాడు. హోసియా మూడు పళ్లాలూ పాడు చేస్తే ఆ మర్నాటి నుంచి కుర్రాడు. ఎనిమిదేళ్లు పక్కన కూర్చున్నవాణ్ని అలా తీసేయాలనుకున్నందుకు ఆయన బీన్సు గిన్నెలో చెంచా అలాగే వదిలేసి లేచిపోయాడు.

పొద్దున్న పది గంటలకి అందరూ సరుకుల లిఫ్టులో పైకెళ్లారు. రికార్డింగు గదిలో వాల్డ్రిప్ ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో సుద్దతో గీసి ఉంచాడు. గట్టిగా అరిచే వాయిద్యాలన్నీ మైక్రోఫోనుకి దూరంగా వెనక్కి. పాప్స్ చిట్టచివరి వరసలో, ఆయన వెనక మూలలో గొంగళ్లు కప్పిన డ్రమ్ములతో హోసియా. మబ్రీ పియానో ఎదురు గోడకి. అంటే బ్యాండుకి ఆయన వీపు. నాలుగేళ్లుగా ప్రతి దుర్ఘటననీ ఆయన వీపుతోనే విన్నాడు.

మొదటి పళ్లెం తిరిగింది. పాట దివ్యంగా నడిచింది. పుంజు నడిచింది, పెట్టలు నడిచాయి. అంతా ఆగింది. పాప్స్ ఊపిరి తీసుకున్నాడు. టక్.

"అయిపోయింది," అంది వెనకనుంచి ఆ గొంతు.

పాప్స్ ట్రంపెట్ చంకలో పెట్టి అరిచిన అరుపు కింది అంతస్తులో బీమా కంపెనీవాళ్లు విన్నారు. మబ్రీ సోడా ఉప్పు మింగాడు. తర్వాత తన బూట్లకున్న లేసులు ఊడదీసి, వెళ్లి, హోసియా రెండు కర్రల్నీ రెండు మణికట్లకి కట్టేశాడు. మూడేసి ముళ్లు వేశాడు. హోసియా పెళ్లిలో ఉంగరం తొడిగించుకుంటున్నంత బుద్ధిగా చేతులు చాపాడు.

అప్పటికీ మబ్రీకి నమ్మకం చాలలేదు. నాట్యశాలల్లో గడ్డం గీసుకోవడానికి సంచిలో వేసుకుతిరిగే చిన్న అద్దం తీసి పియానో మీద నిలబెట్టాడు. ఈసారి ఆ చేతులు ఏంచేస్తాయో కళ్లారా చూద్దామని.

రెండో పళ్లెం తిరిగింది. మబ్రీ కళ్లు అద్దంలో. హోసియా చేతులు మణికట్లకి కట్టిన కర్రలతో కూడా వెన్నలా కదులుతున్నాయి. చివరికి వస్తోంది. అంతా ఆగింది. అప్పుడు అద్దంలో మబ్రీ రెండు సంగతులు చూశాడు. మొదటిది, హోసియా చేతుల్ని చూసుకోవడం లేదు, కర్రల్ని చూడటం లేదు. ముందు నిలబడ్డ పాప్స్ ఎడమ భుజాన్ని చూస్తున్నాడు. రెండోది, ఆ భుజం మెల్లగా చెవిదాకా లేచింది. అది పైకి లాగి ఊపిరి వెతుక్కునే భుజం, స్వరం అందదని ట్రంపెట్‌కంటే ముందే తెలిసిపోయిన భుజం.

హోసియా కర్ర జార్చబోయాడు. జారలేదు, మూడు ముళ్లు. ఒక్క అరక్షణం ఆయన మొహంలో కనిపించిన గాభరా మబ్రీ ఎన్నడూ చూడనిది. తర్వాత ఆ ఆరడుగుల మనిషి, నల్ల సూటుతో, పీటతో, పెద్ద కంచుతాళంతో, రెండు గొంగళ్లతో సహా ఎడమవైపుకి కూలిపోయాడు. తాళం గిరగిరా తిరిగి తిరిగి చాలాసేపటికి ఆగింది. దాని కిందనుంచి, "అయిపోయింది" అని వినిపించింది.

వాల్డ్రిప్ గాజు కిటికీ వెనకనుంచి ఒక వేలు చూపించాడు. ఇంక ఒక్కటే.

పాప్స్ తిట్టేందుకు కూడా ఓపిక లేనట్టు గోడవారన కూర్చుని పెదవి నొక్కుకుంటున్నాడు. మబ్రీ ఆ పెదవిని మొదటిసారి సరిగ్గా చూశాడు. మధ్యలో మచ్చ కట్టి, తోలుబెల్టు చివరలా గట్టిపడి ఉంది. నాలుగేళ్లుగా పాటల్లో కర్ర పడిన చోటల్లా ఏ స్వరం రావలసి ఉందో లెక్కవేసుకున్నాడు. అన్నిచోట్లా పాప్స్ పెద్ద స్వరమే. రికార్డు రెండోవైపు వేసే నిదానం పాటల్లో కర్ర ఎన్నడూ పడలేదు. ఆ పాటల్లో పాప్స్‌కి పెద్ద స్వరాలు లేవు. నాట్యశాలలోనూ పడలేదు. అక్కడి గోలలో ఇంకో ఇద్దరు ట్రంపెట్లవాళ్లు ఊదుతుంటే ఆయన స్వరం చీలినా వినేదెవడు?

మబ్రీ హోసియాని చెయ్యిపట్టి లేపి లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు.

"ఏది ప్రొఫెసర్? నా చేతులా? అవి ఎప్పుడో..."

"నీ చేతులకి ఏ రోగమూ లేదు. అద్దంలో చూశాను. నువ్వు ఆయన భుజం చూస్తున్నావు."

హోసియా లిఫ్టు తలుపుకి ఆనుకున్నాడు. మణికట్లకి కర్రలు వేలాడుతున్నాయి.

"కర్ర పడితే పది నిమిషాలు దొరుకుతాయి," అన్నాడు. "కొత్త మైనం పెట్టాలిగా. ఆ పది నిమిషాల్లో ఆయన పెదవి కాస్త తేరుకునేది. రెండోసారి అందేది. ఇప్పుడు రెండోసారీ అందట్లేదు. ఇంక లాభంలేదు ప్రొఫెసర్. నేను ఎన్నిసార్లని పడను?"

"నిన్ను తీసేద్దామనుకున్నాను. కుర్రాడితో మాట్లాడేశాను కూడా."

"తెలుసు. వాడికి డ్రమ్ము తోలు ఎలా బిగించాలో చెప్పొచ్చాను. ఏమీ తెలీదు పాపం." హోసియా నిట్టూర్చాడు. "చూడండి, నేను కర్రలు జార్చేవాణ్నని పేరుపడితే స్టాక్‌యార్డులో పందులు తోలుకుంటాను. ఆయన స్వరం పోయిందని పేరుపడితే ఆయనకి ఏముంది? బూట్లు తుడవడానికి వంగనుకూడా వంగలేడు."

"ఆయనకి తెలుసా?"

"తెలిస్తే నన్ను బతకనిస్తాడా?"

మబ్రీ అక్కడే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఆయనకి ఏడుపు వచ్చింది, సిగ్గు వచ్చింది, నాలుగేళ్లుగా మింగిన సోడా ఉప్పంతా గుర్తొచ్చి కోపం కూడా వచ్చింది. మిగిలింది ఒకే పళ్లెం. కర్ర పడితే నియమం ప్రకారం హోసియా పోతాడు, పడకపోతే పాప్స్ పోతాడు. ఎలాగైనా ఒప్పందం పోతుంది. జీవితంలో మొట్టమొదటిసారి ఆయనకి హోసియా మాటే సరైన మాట అనిపించింది.

"అయిపోయింది," అన్నాడు మబ్రీ.

అనగానే, ఆ మాట తన నోట్లోంచి తనే విని, అలాగే ఆగిపోయాడు. తర్వాత లోపలికి పరుగెత్తాడు. లేసులు లేని బూట్లు టపటపలాడాయి.

బ్యాండునంతా దగ్గరికి పిలిచి పాట చివర మారుస్తున్నానన్నాడు. పుంజు నడుస్తుంది, అంతా ఆగుతుంది. కూత ఉండదు. కూత రావలసిన చోట హోసియా కర్ర పడుతుంది. పడ్డాక హోసియా ఎప్పుడూ అనే మాట అంటాడు. అంతే, పాట ముగిసింది.

పాప్స్ దిగ్గున లేచాడు. "నా కూత ఏమయింది?"

మబ్రీ ఆయన దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు. "పాప్స్, ఈ మనిషి కర్ర ఎలాగూ పడేస్తాడు. మందూ లేదు మంత్రమూ లేదు. ఇవాళ మూడో పళ్లెం పాడుచేస్తే మీరు పెట్టించిన నియమమే వాణ్ని రోడ్డున పడేస్తుంది. పడటాన్నే పాటలో రాసేస్తే ఇంక అది తప్పు కాదుగా. మీరు ఒక్క స్వరం వదులుకుంటే వాడు బతుకుతాడు. మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేరు. మీ ఇష్టం."

పాప్స్ హోసియాకేసి చూశాడు. హోసియా మణికట్ల ముళ్లు పళ్లతో విప్పుకుంటున్నాడు. నిజంగా చూడలేని దృశ్యమే. పాప్స్ ట్రంపెట్‌ని ఒళ్లో దించి, ఎంతో పెద్దమనసుతో తల ఊపాడు.

"పాపం, దిక్కులేనివాడు. వాడి కోసం వదులుకుంటాను," అన్నాడు. "కానీ గుర్తుపెట్టుకోరోయ్ హోసియా. ఇంకెవడైనా అయితే వదిలేవాణ్ని కాదు."

"గుర్తుంచుకుంటాను పాప్స్. మీ దయ," అన్నాడు హోసియా.

మూడో పళ్లెం తిరిగింది. పుంజు ఇంతకుముందెన్నడూ నడవనంత టెక్కుగా నడిచింది. అంతా ఆగింది. నిశ్శబ్దం. మబ్రీ అద్దంలోకి చూశాడు. హోసియా అలవాటుకొద్దీ పాప్స్ భుజం చూస్తున్నాడు. ఊదవలసింది లేదు కనుక ఆ భుజం హాయిగా కిందే ఉంది. అది లేచేదాకా హోసియా కర్ర వదిలేట్టు లేడు. ఒక దెబ్బ కాలం గడిచింది. రెండు గడిచాయి. గాజు వెనక వాల్డ్రిప్ నోరు తెరిచాడు. మబ్రీ ప్రాణం పియానో మూత దాకా వచ్చింది. అప్పుడు, తనేం చేస్తున్నాడో తనకే తెలియకుండా, వెనకున్న హోసియాకి కనబడేట్టు తన ఎడమ భుజాన్ని చెవిదాకా ఎత్తాడు.

టక్. కర్ర పడింది, ఒకసారి ఎగిరి మళ్లీ పడింది. ఆ ఊపిరాడని నిశ్శబ్దంలో, లోకంలోని విచారమంతా పోసుకున్న గొంతు ఒకటి, "అయిపోయింది" అంది.

ఎర్రదీపం ఆరిపోయింది. వాల్డ్రిప్ బల్లమీద తల ఆనించాడు. ఏడుస్తున్నాడని అందరూ అనుకున్నారు. చూస్తే నవ్వుతున్నాడు.

వేసవి వచ్చేసరికి సౌత్ సైడులో ప్రతి మంగలిదుకాణంలోనూ, ప్రతి ఫలహారశాలలోనూ ఆ రికార్డే. కూయబోతున్న పుంజు మెడ మీద కత్తి పడి కూరయిపోయిందని జనం అర్థం చేసుకున్నారు. మబ్రీ అవునన్నాడు, ముందునుంచీ తన ఉద్దేశం అదేనన్నాడు. నాట్యశాలలో పాట ఆగగానే ఎనిమిది వందల జతలూ ఒక్క గొంతుతో "అయిపోయింది" అని అరిచేవి. హోసియా మాత్రం, ఈ సందడి ఇంకో వారం ఉంటుంది, ఆపైన మన పని అయిపోతుందని అనేవాడు. కొత్త ఒప్పందం మీద సంతకాలయిన రోజున కూడా అదే అన్నాడు. ఆ తర్వాత మబ్రీ కట్టిన బాణీల్లో పాప్స్‌కి ఎక్కడా పెద్ద స్వరం రాలేదు. అన్నీ కిందిస్థాయిలో, బెల్లప్పాకంలా సాగే మెత్తని స్వరాలు. వయసొచ్చాక ప్రొఫెసర్‌కి రుచి తెలిసిందని పాప్స్ అందరితోనూ మెచ్చుకున్నాడు.

ఒక శనివారం పొద్దున్న ముగ్గురూ ఒకే మంగలిదుకాణంలో పడ్డారు. పాప్స్ మధ్య కుర్చీలో కూర్చుని, ఆ రికార్డు కథ పన్నెండోసారి చెబుతున్నాడు. ప్రొఫెసర్ కఠినాత్ముడనీ, హోసియాని ఆ రోజే గెంటేయబోయాడనీ, తను కాళ్లావేళ్లాపడి ఆపాడనీ, ప్రాణంలాంటి స్వరాన్ని వాడి కోసం త్యాగం చేశాడనీ.

"అవునా కాదా అడగండి, పక్కనే ఉన్నాడు," అన్నాడు. "ఏరా, నేను లేకపోతే నీ గతేమిటి?"

పక్క కుర్చీలో హోసియా మొహం మీద వేడి తువ్వాలు కప్పి ఉంది. తువ్వాలు కిందనుంచి గొంతు వచ్చింది.

"నా పని అయిపోయేది పాప్స్."

మూడో కుర్చీలో, మొహం నిండా నురగతో కూర్చున్న మబ్రీకి నవ్వు ఆగలేదు. గడ్డం మీద కత్తి గాటు పడింది. ఆ చిన్న మచ్చ ఆయనకి చివరిదాకా ఉండిపోయింది. ఎవరైనా ఎలా తగిలిందని అడిగితే, హోసియా కర్ర ఎగిరి తగిలిందని చెప్పేవాడు. అందరూ నమ్మేవారు.